పేరొక చోట, నేలొక చోట: తిరుపతి–చిత్తూరు సీమ దృశ్యరూపాల చరిత్ర

ఉపోద్ఘాతం

చూడని ఊరిని చదువరి కళ్ళకు కట్టించే పనిని ప్రబంధయుగంలో పురవర్ణన నిర్వహించింది. అష్టాదశ వర్ణనల పట్టికలో నగరానికి మొదటి చోటు దక్కింది. స్థలాన్ని ముందుగా నిలిపి, దానిమీద కథను నడపాలన్న దృష్టి ఆ ఏర్పాటులో కనిపిస్తుంది. 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుండి ఈ బాధ్యతలో పెద్ద భాగం క్రమంగా అచ్చుపటానికి, ఛాయాచిత్రానికి, ఆపైన చలనచిత్రానికి సంక్రమించింది. పద్యంలోని పురం కవి కల్పన అని చదువరికి తెలుసు. మిన్నంటే మేడలను అతడు అక్షరసత్యంగా తీసుకోడు. కెమెరా చూపిన ఊరు అటువంటిది కాదు. అది యంత్రం పలికిన సాక్ష్యంగా తోస్తుంది. అందువల్ల ఒక ఊరి పేరుతో మరొక ఊరి నేల తెరమీదికి వచ్చినప్పుడు ప్రేక్షకుడు దానిని వర్ణనగా కాక వాస్తవంగా స్వీకరించే అవకాశం ఎక్కువ.

తెలుగునాట ఈ విషయ పరిశీలనకు దక్షిణ రాయలసీమ, అంటే 1911లో ఏర్పడి 2022లో విభజన పొందిన ఉమ్మడి చిత్తూరు జిల్లా, అనువైన క్షేత్రం. తిరుమల, శ్రీకాళహస్తి, శేషాచల అడవులు తెలుగు తెరమీద పలుమార్లు కథాస్థలాలయ్యాయి. వీటి పేర్లు దేశమంతటా తెలిసినవే. అయితే ఆ పేర్లతో తెరమీద కనిపించిన నేలలో గణనీయమైన భాగం ఈ సీమది కాదు. ఒకప్పుడు అది స్టూడియో సెట్టు, మరొకప్పుడు గోదావరి మన్యం, ఇటీవల న్యూజిలాండ్. ఈ స్థితి ఎలా ఏర్పడింది, సినిమాకు ముందు ఈ సీమలో బొమ్మకూ స్థలానికీ ఉన్న సంబంధం ఎటువంటిది, ఆ సంబంధం సడలడం వల్ల కనుమరుగైనది ఏమిటి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

ధ్రువ బేరం, ఉత్సవ బేరం

బొమ్మకూ స్థలానికీ గల సంబంధాన్ని చర్చించడానికి కావలసిన పరిభాష ఈ సీమలోనే ఉంది. తిరుమల ఆలయం వైఖానస ఆగమాన్ని అనుసరిస్తుంది. ఆ ఆగమం పంచబేరాలను చెబుతుంది. గర్భాలయంలో కదలక నిలిచేది ధ్రువ బేరం. నిత్యార్చనకు కౌతుక బేరం, అభిషేకానికి స్నపన బేరం, ఊరేగింపుకు ఉత్సవ బేరం, బలిహరణకు బలి బేరం ఉంటాయి. తిరుమలలో కౌతుక బేరమైన భోగ శ్రీనివాసమూర్తి పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి ప్రతిమ. ఉత్సవ బేరమైన మలయప్పస్వామి ప్రస్తావన శాసనాలలో 14వ శతాబ్ది నుండి కనిపిస్తుంది.

మూలమూర్తి కదలడు కాబట్టి భక్తులు ఆయన వద్దకు వెళ్ళాలి. వెళ్ళలేనివారి కోసం వీధిలోకి వచ్చేది ఉత్సవమూర్తి. ఆ కదిలే మూర్తికి స్వతంత్రమైన అధికారం లేదు. ధ్రువ బేరం నుండి శక్తిని ఆవాహన చేయడం, పని ముగిసిన తరువాత తిరిగి ఆలయంలోకి చేరడం అన్న నియమం దానిని మూలంతో బంధిస్తుంది. కదిలే రూపం కదలని రూపానికి బద్ధమై ఉండడం ఇందులోని కీలకాంశం. చలనచిత్రం కూడా కదిలే బింబమే. అయితే అది ఏ స్థలానికి బద్ధమై ఉండాలో చెప్పే నియమం ఏదీ దానికి లేదు. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే తరువాతి చరిత్ర స్పష్టమవుతుంది.

అచ్చుపటమూ, యాత్రికుల ఫోటో

తిరుమల ఆలయంలోకి కెమెరాను అనుమతించరు. మూలమూర్తిని జనం ఇళ్ళలో చూసేది చిత్రకారుడు వేసిన పటం ద్వారానే. కళ్ళను దాదాపు కప్పివేసే వెడల్పైన నామం, వజ్రకిరీటం, శంఖచక్రాలు, మోకాళ్ళను దాటి వేలాడే పూలమాలలు అన్నీ చిత్రకారుని చేతినుండి రాతి అచ్చుకు, అక్కడినుండి ఆఫ్‌సెట్ యంత్రానికి చేరిన రూపాలు. కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యబృందం వేసిన దేవతాచిత్రాలు, శివకాశి అచ్చు యంత్రాలు 20వ శతాబ్దిలో దక్షిణదేశపు ఇళ్ళకూ దుకాణాలకూ దేవుళ్ళ రూపాలను స్థిరపరిచాయి. ఇటువంటి పటాలను గురించి క్రిస్టఫర్ పిన్నీ (2004), కజ్రీ జైన్ (2007) రచించిన గ్రంథాలు అచ్చుపటాన్ని కళాఖండంగా కన్నా భక్తి, వ్యాపారాల నడుమ తిరిగే వస్తువుగా చూడడం నేర్పాయి.

1843 నుండి 1933 వరకు ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. 1933 నుండి తిరుమల తిరుపతి దేవస్థానాల పాలన మొదలైంది. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో గానీ రాలేదు. అంతకు ముందు కొండెక్కడం కాలినడకన లేదా డోలీలో. ఆ రోజుల్లో కొండను చూసినవారి కన్నా పటాన్ని మాత్రమే చూసినవారు ఎక్కువమంది ఉండి ఉంటారు. అయినప్పటికీ పటం స్థలాన్ని తోసిరాజనలేదు. పూజగదిలోని పటం ముందు ముడుపు కట్టిన కుటుంబం ఆ ముడుపును చెల్లించవలసింది కొండమీదనే. పటం యాత్రకు బదులు కాలేదు, యాత్రకు తీసుకొన్న అప్పుపత్రంలా నిలిచింది.

యాత్రికుల ఫోటో ఇందుకు మరొక నిదర్శనం. సెల్‌ఫోన్లు రాకపూర్వం యాత్ర ముగించుకొన్న కుటుంబాలు ఫోటోగ్రాఫరు ముందు నిలబడి ఫోటో దిగడం ఆనవాయితీ. స్టూడియోలో దిగితే వెనుక రంగుల తెర ఉండేది. తెరమీది గోపురం బొమ్మ ఎంత అసహజంగా ఉన్నా ఆ ఫోటో ప్రామాణ్యానికి లోటు రాలేదు. ఎదుట నిలిచినవారి గుండ్లే అందుకు కారణం. తలనీలాలు సమర్పించిన శిరస్సు వారు ఆ స్థలానికి వెళ్ళివచ్చారనడానికి చెరగని గుర్తు. స్థలం వెనుక తెరమీద కాక మనుషుల దేహాలమీద నమోదైంది. తెలుగు ఇళ్ళలోని పాత ఆల్బములలో కనిపించే ఈ గుండు ఫోటోలు స్థలానికి బద్ధమైన ఛాయాచిత్రాలకు మంచి ఉదాహరణలు.

స్వర్ణముఖి నీటితో వేసిన బొమ్మ

శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మకూ స్థలానికీ గల బంధం మరింత భౌతికమైనది. బట్టను కరక్కాయ రసంలోను, పాలలోను నానబెట్టి ఆరవేస్తారు. ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి పులియబెట్టిన నల్ల సిరాతో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. పటిక వేసిన చోట ఎరుపు పట్టుకొంటుంది. మెట్టుమెట్టునా బట్టను పారే నీటిలో ఉతకాలి. ఎక్కువైన పటిక, మరకలు నీటితోపాటు కొట్టుకుపోవాలి. నిలిచిన నీటిలో ఉతికితే అవి మళ్ళీ బట్టకే అంటుకొంటాయి. కాబట్టి ఈ చిత్రకళకు కలమెంత అవసరమో స్వర్ణముఖి పారుదల కూడా అంతే అవసరం.

క్షీణదశకు చేరిన ఈ కళను కమలాదేవి ఛటోపాధ్యాయ నాయకత్వంలోని అఖిల భారత హస్తకళల మండలి 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ద్వారా నిలబెట్టింది. అక్కడ శిక్షణ పొంది, బోధించి, రచనలు చేసిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. ఈ పునరుద్ధరణ సఫలమైనప్పటికీ నది మాత్రం ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకబయలుగా మిగులుతోంది. బోరు నీటితో ఉతికిన రంగుకూ పారే నీటిలో ఉతికిన రంగుకూ తేడా ఉంటుందని పనివారు చెబుతారు. నది ఎండడం బొమ్మ రంగులో తెలిసిపోతుంది. రామాయణ కథను చిత్రించినప్పుడు కూడా కలంకారీ బట్ట తన ఊరి నీటి సంగతి దాచలేదు. ఈ గుణం తరువాతి దృశ్యమాధ్యమాలలో కొరవడింది.

తెరమీది తిరుమల

పి. పుల్లయ్య తిరుమలేశుని కథను రెండుసార్లు సినిమాగా తీశాడు. 1939 నాటి చిత్రంలో సి.యస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో ఎన్.టి. రామారావు, సావిత్రి ఆ పాత్రలు ధరించారు. మొదటి చిత్రంలో పద్మావతి అయిన శాంతకుమారి రెండవ చిత్రంలో వకుళమాతగా కనిపించింది. ఘంటసాల స్వయంగా తెరమీదికి వచ్చి స్వామి ఎదుట పాడడం 1960 చిత్రంలోని మరొక విశేషం. కెమెరా చొరరాని గర్భాలయాన్ని సినిమా సెట్టుగా నిర్మించుకోక తప్పలేదు. ఆ సెట్టుకు ఆధారం అప్పటికే ఇళ్ళలో స్థిరపడిన పటం. అచ్చుపటంలోని నిశ్చలరూపానికి సినిమా మాటనూ నడకనూ ఇచ్చింది.

ఈ చిత్రం ఆడిన రోజుల్లో సినిమాహాళ్ళ ఆవరణలో స్వామి ప్రతిమలు పెట్టి, హుండీలు ఉంచారని, ప్రేక్షకులు కొబ్బరికాయలు కొట్టారని, తిరుపతి యాత్రకు వచ్చినవారు మద్రాసు వెళ్ళి రామారావును కూడా దర్శించుకొనేవారని తెలుగు సినిమా చరిత్రలు చెబుతున్నాయి. ఈ సంఘటనలను ప్రజల అమాయకత్వానికి నిదర్శనాలుగా పేర్కొనడం పరిపాటి. ఆగమ పరిభాషలో చూస్తే వీటికి మరొక అర్థం స్ఫురిస్తుంది. వీధిలోకి వచ్చిన మూర్తికి మొక్కడం భక్తులకు అలవాటైన పని. తెరమీద కదిలిన రూపాన్ని వారు ఉత్సవ బేరంగా స్వీకరించారు. యాత్రలో భాగంగానే మద్రాసు వెళ్ళడం గమనార్హం. తిరుమలకు వెళ్ళడం మానేసి ఎవరూ మద్రాసు వెళ్ళలేదు. సెట్టు మీద తీసినప్పటికీ 1960 నాటి చిత్రం ప్రేక్షకుణ్ణి కొండవైపే నడిపించింది.

తరువాతి కాలంలో ‘అన్నమయ్య’ (1997)లో సుమన్ స్వామి పాత్ర ధరించాడు. 2008లో దేవస్థానం శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానలును ప్రారంభించింది. మాడవీధులలో మలయప్పస్వామి వాహనసేవలు ప్రత్యక్షప్రసారంలో ఇంటింటికీ చేరాయి. ఈ ఛానలు సైతం ధ్రువ బేరాన్ని చూపదు. ఆగమం విధించిన ఎల్లనే కెమెరా పాటిస్తున్నది. ఇతర నగరాలలో దేవస్థానం జరిపే వైభవోత్సవాలలో నమూనా ఆలయం కట్టి నిత్యకైంకర్యాలను ప్రదర్శిస్తారు. నమూనా అన్న మాటలోనే మూలం వేరొకచోట ఉన్నదన్న అంగీకారం ఉంది. తిరుమల విషయంలో దృశ్యరూపాలు ఎన్ని పెరిగినా స్థలంతో బంధం తెగకపోవడానికి ఈ అంగీకారమే కారణం.

కన్నప్ప అడవి

శ్రీకాళహస్తి చరిత్ర ఇందుకు భిన్నం. ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లో తిన్నని పుట్టుక పొత్తపినాటి ఉడుమూరులో. బోయపల్లె, వేట, కుక్కలు, ఉచ్చులు, స్వర్ణముఖి ఒడ్డు ఆ కావ్యంలో స్పష్టమైన స్థానికతతో కనిపిస్తాయి. తిన్నని భక్తికి రూపమిచ్చినది కూడా ఆ జీవనమే. వేటగాడు తినేదే దేవునికి పెట్టాడు. నోటితో తెచ్చిన నీటితోనే అభిషేకం చేశాడు. అతని పూజాద్రవ్యాలన్నీ ఆ అడవి ఇచ్చినవి.

ఈ కథ తెరమీదికి పలుమార్లు వచ్చింది. 1954లో కన్నడ ‘బేడర కణ్ణప్ప’తోపాటు తెలుగు ‘కాళహస్తి మహాత్మ్యం’ వెలువడింది. రెండింటికీ హెచ్.ఎల్.ఎన్. సింహ దర్శకుడు, రాజ్‌కుమార్ కథానాయకుడు. రాజ్‌కుమార్ నటించిన తెలుగు చిత్రం ఇదొక్కటే. 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు నటించిన ‘భక్త కన్నప్ప’ వచ్చింది. ఈ చిత్రంలోని అడవిని పశ్చిమగోదావరి జిల్లా బుట్టాయగూడెం పరిసరాలలో చిత్రీకరించారు. ధ్వనిముద్రణకు జాతీయ పురస్కారం పొందిన ఈ చిత్రం తెలుగు ప్రేక్షకుల మనసులో కన్నప్ప అడవికి పచ్చని, దట్టమైన రూపాన్ని స్థిరపరిచింది. 2025 జూన్‌లో విడుదలైన ‘కన్నప్ప’ను ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లో తీశారు. దర్శకుడు ముఖేష్ కుమార్ సింగ్, కథానాయకుడు మంచు విష్ణు. ఈ చిత్రం తీసిన కుటుంబానికి శ్రీకాళహస్తి ప్రాంతమే స్వస్థలం కావడం ఇక్కడ గమనించదగినది. స్థానికులు తీసినంత మాత్రాన బొమ్మ స్థానికం కాదని దీనివల్ల తేలుతున్నది.

కథాస్థలం ఒకటి, చిత్రీకరణ స్థలం మరొకటి కావడం సినిమాకు కొత్త కాదు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో వేర్వేరు చోట్ల తీసిన ముక్కలను కూర్చి, మాస్కోలో నడిచే మనుషులు అమెరికా శ్వేతసౌధం ఎదుట ఉన్నట్లు భ్రమ కల్పించాడు. ఇటలీ దర్శకులు అమెరికా పడమటి ఎడారులను స్పెయిన్‌లోని అల్మేరియాలో చూపారు. ‘షోలే’ (1975)లోని రామ్‌గఢ్ కర్ణాటకలోని రామనగర కొండలలో వెలిసింది. సినిమాకు తనదైన భూగోళాన్ని నిర్మించుకొనే స్వేచ్ఛ ఉంది. మద్రాసు, ఆపైన హైదరాబాదు చుట్టూ పెట్టుబడి, సాంకేతిక వసతి కేంద్రీకృతం కావడం, రక్షిత అడవులలో చిత్రీకరణకు ఉండే ఆంక్షలు, నీటి వసతి, బృందం బసచేయడానికి వీలు మొదలైనవి ఈ ఎంపికలను నిర్ణయిస్తాయి. కాబట్టి చర్చించవలసింది దర్శకుల తప్పొప్పులు కాదు, ఒకే సీమ పేరుతో పదేపదే పరాయి నేలను చూపినప్పుడు ఆ సీమను గురించిన అవగాహనలో వచ్చే మార్పు. రామ్‌గఢ్ కల్పితమైన ఊరు. శ్రీకాళహస్తి కల్పితం కాదు. అక్కడి వాయులింగం, నది, కొండ ఇప్పటికీ ఉన్నాయి.

శేషాచలం పేరుతో మారేడుమిల్లి

ఈ ప్రక్రియ అత్యంత విస్తృతంగా ప్రజలను చేరినది సుకుమార్ దర్శకత్వంలో 2021 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప’తో. ఎర్రచందనం కూలీ దొంగరవాణా ముఠాకు నాయకుడుగా ఎదగడం ఇతివృత్తం. కథ శేషాచలం అడవులలో, చిత్తూరు సీమలో జరుగుతుంది. పాత్రలు చిత్తూరు యాస మాట్లాడుతాయి. అడవి దృశ్యాలలో ప్రధాన భాగాన్ని మాత్రం తూర్పుగోదావరి మన్యంలోని మారేడుమిల్లి, రంపచోడవరం ప్రాంతాలలో చిత్రీకరించారు.

రెండు అడవులకూ పోలిక తక్కువ. మారేడుమిల్లి వాగులతో, వెదురు పొదలతో, ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉండే తడి అడవి. శేషాచలం రాతిబండల మీద పెరిగే ఆకురాల్చే పొడి అడవి. ఎర్రచందనం, జాలారి, తంబజాలారి వంటివి అక్కడి చెట్లు. వేసవిలో ఆ కొండలు బూడిదరంగుకు తిరుగుతాయి. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణభాగంలోని శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ వంటి కొండలలో, వాటి పరిసరాలలో మాత్రమే. 1995లో దీనిని వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు. చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. మట్టి లోతులేని, నీరు నిలవని రాతినేలలే దాని ఎర్రని చేవకు అనువైనవి. అంటే ఎర్రచందనం విలువకూ ఈ సీమ పొడినేలకూ విడదీయరాని సంబంధం ఉంది. పచ్చని తడి అడవిలో ఎర్రచందనాన్ని చూపినప్పుడు ఈ సంబంధమే మాయమవుతుంది. ప్రేక్షకుడికి అది అడవిలో అడ్డంగా దొరికే నిధిలాగా కనిపిస్తుంది, కరవునేల ఎన్నో ఏళ్ళు దాచిపెట్టిన కష్టార్జితంగా కనిపించదు.

నేల మారినా ఈ చిత్రంలో యాస మిగిలింది. అరవం, కన్నడం ఒరుసుకొన్న చిత్తూరు మాటను కథానాయకుడి నోట వినిపించడం తెలుగు సినిమాలో అరుదైన విషయమే. అంతకుముందు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనల ద్వారా సాహిత్యంలో గౌరవం పొందిన ఈ పలుకుబడికి వెండితెర మీద పెద్దపీట దక్కింది. అయితే ఈ చిత్రం ఉత్తరభారతంలో పెద్ద విజయం సాధించింది హిందీ అనువాదంలో. అక్కడ కథానాయకుడికి గాత్రదానం చేసినది శ్రేయస్ తల్పడే. అనువాదంలో చిత్తూరు యాస నిలిచే వీలు లేదు. ఆ ప్రేక్షకులకు చేరేసరికి నేల గోదావరిది, మాట హిందీది. చిత్తూరు సీమది పేరొక్కటే. చిత్రానికి దేశవ్యాప్తంగా వచ్చిన ఖ్యాతి పెరిగిన కొద్దీ అందులో ఈ సీమ వాటా తగ్గిందన్నమాట.

వార్తాచిత్రం చెప్పిన అడవి

శేషాచలం నిజరూపం సినిమాలో కన్నా వార్తాపత్రికల ఫోటోలలో ఎక్కువగా కనబడింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీప అడవులలో రెండుచోట్ల జరిగిన కాల్పులలో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు మరణించారు. మృతదేహాల పక్కన దుంగలు పడి ఉన్న ఫోటోలు మరునాటి పత్రికలలో వచ్చాయి. ఆ ఫోటోల ఆధారంగానే హక్కుల సంఘాలు ప్రశ్నలు లేవనెత్తాయి. జాతీయ మానవ హక్కుల సంఘం విచారణకు పూనుకొంది. ఫోటో ఇక్కడ రెండు విధాల పనిచేసింది. పోలీసుల కథనానికి దృష్టాంతంగా ప్రచురితమైనది ఆ కథనాన్ని ప్రశ్నించడానికి కూడా ఆధారమైంది. స్థలానికి బద్ధమైన చిత్రానికి ఈ శక్తి ఉంటుంది. తీసినవారి ఉద్దేశానికి లోబడని వివరాలు అందులో నమోదవుతాయి. నేల స్వభావం, ఎండ, ఆకులు రాలిన చెట్లు, మనుషుల కాళ్ళు తమ సంగతి తామే చెబుతాయి. కృత్రిమంగా కూర్చిన అడవికి ఈ సాక్ష్యబలం ఉండదు.

ఆ కూలీలలో పలువురు తమిళనాడు కొండప్రాంతాల పేదలు. తిరువణ్ణామలై, ధర్మపురి వంటి జిల్లాల నుండి పనికోసం హద్దు దాటి వచ్చినవారు. ఎర్రచందనం కథను ఒక వీరుడి ఎదుగుదలగా చెప్పినప్పుడు వీరికి చోటు దొరకడం కష్టం. 2013 డిసెంబరులో ఇదే అడవులలో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. రెండువైపులా ప్రాణాలు తీసిన ఈ చరిత్రను తెలుసుకోవడానికి సినిమా దృశ్యం చాలదు. పాత పత్రికల ఫోటోలను పేరు, తేదీ, చోటుతో సహా భద్రపరచడం అవసరమవుతుంది.

శ్రీకాళహస్తి రాజగోపురం విషయం కూడా ఇటువంటిదే. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం బీటలు వారి 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. ఆ దృశ్యం టెలివిజన్‌లో పదేపదే ప్రసారమైంది. పునర్నిర్మాణం జరిగి 2017లో కుంభాభిషేకం అయింది. కొత్త గోపురం ఉన్నప్పటికీ పాత గోపురం మీది శిల్పాలు, సున్నపు పని, కాలం వేసిన మచ్చలు ఇప్పుడు ఫోటోలలో మాత్రమే ఉన్నాయి. గోపురం ముందు నిలబడి దిగిన సామాన్యుల కుటుంబచిత్రాలు సైతం ఈ కారణంగా చరిత్ర పత్రాలయ్యాయి.

పేరులేని నేల, వచనంలోని నేల

ఈ చరిత్రకు మరొక పార్శ్వం ఉంది. ఈ సీమ నేల తెరమీదికి అసలు రాలేదనడం సరికాదు. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని తలకోన జలపాతం, మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండలు చిత్రీకరణలకు పేరుపొందిన చోట్లు. ఎన్నో పాటలు అక్కడ తీశారు. ఆ పాటలలో అవి తలకోన, హార్సిలీ కొండలుగా కనిపించవు. నాయికానాయకుల కలలో వచ్చే ఏదో ఒక అందమైన చోటుగా కనిపిస్తాయి. ఈ సీమ పేరు చెప్పినప్పుడు నేల వేరొకచోటిది, నేల ఈ సీమదైనప్పుడు పేరు ఉండదు. రెండూ ఒకే తెరమీద కలుసుకొన్న సందర్భాలు అరుదు. నాటకరంగం నుండి వచ్చిన నాగయ్య పేరుకు ముందు ‘చిత్తూరు’ శాశ్వతంగా నిలిచింది. పోతనగా, త్యాగయ్యగా, వేమనగా ఆయన వేసిన వేషాలతోపాటు ఆ ఊరి పేరు తెలుగునాడంతటా తిరిగింది. ఊరి పేరుకు దక్కిన ఆ గౌరవం ఊరి నేలకు దక్కలేదు.

తెర వదిలివేసిన నేలను నిలబెట్టినది ఈ సీమ కథకుల వచనం. మధురాంతకం రాజారాం కథలలోని పల్లెలు, నామిని రచనలలోని చేలు, బావులు, బర్రెగొడ్లు, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలి పందులకాపరి రాత్రంతా తిరిగిన అడవి ఈ ప్రాంతపు నైసర్గిక స్వరూపాన్ని పట్టి ఉంచాయి. కేశవరెడ్డి అడవిలో వృద్ధుడికి ప్రతి చప్పుడూ, ప్రతి అడుగుజాడా ఒక సమాచారం. అడవి అక్కడ దృశ్యసౌందర్యం కాదు, బతుకుతెరువు. దృశ్యమాధ్యమాలు ఎడమైన చోట సాహిత్యం సాక్షిగా నిలవడం వల్ల, ఈ సీమ చిత్రచరిత్రను రాసేవారు దాని కథాసాహిత్యాన్ని పక్కన పెట్టుకొని చదవవలసి ఉంటుంది.

ముగింపు

తిరుపతి–చిత్తూరు సీమ దృశ్యచరిత్రలో బొమ్మకూ స్థలానికీ మూడు రకాల సంబంధాలు కనిపిస్తున్నాయి. ఉత్సవ బేరం, ముడుపు కట్టిన పటం, గుండు ఫోటో స్థలం నుండి బయలుదేరి స్థలానికే తిరిగి చేర్చేవి. కలంకారీ, వార్తాచిత్రం స్థలపు భౌతికలక్షణాలను తమలో నమోదు చేసుకొనేవి. కథాచిత్రాలలో అధికభాగం స్థలం పేరును మాత్రమే గ్రహించినవి. మూడవ రకం ప్రచారంలో మొదటి రెండింటినీ మించిపోయింది. దాని ఫలితంగా ఈ సీమను ఎరుగనివారి మనసులో శేషాచలం ఒక తడి అడవి, శ్రీకాళహస్తి ఒక పచ్చికలోయ. ఎండిన స్వర్ణముఖి, వేసవిలో ఆకురాల్చిన కొండలు, హద్దు దాటి వచ్చే కూలీలు ఆ ఊహలో లేరు. కరవు కనబడని చోట కరవును గురించిన ఆలోచన కూడా పుట్టదు. నీటికోసం ఈ ప్రాంతం చేసే విన్నపం బయటివారికి అర్థంకాకపోవడంలో ఇటువంటి దృశ్యాల పాత్ర ఎంతో విచారించవలసి ఉంది.

ఈ దిశలో చేయవలసిన పని స్పష్టంగానే ఉంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి పట్టణాలలోని పాత ఫోటో స్టూడియోల నెగెటివులు, కుటుంబాల ఆల్బములు, పత్రికల ఛాయాచిత్రాలు సేకరించి, ప్రతి చిత్రానికీ చోటు, కాలం నమోదు చేయడం మొదటి మెట్టు. శాసనాన్ని ప్రచురించేటప్పుడు అది దొరికిన ఊరినీ, నిలిచిన గోడనూ పేర్కొనడం చరిత్రకారులకు తప్పనిసరి నియమం. ఛాయాచిత్రానికీ చలనచిత్రానికీ అదే నియమాన్ని వర్తింపజేయాలి. ఏ ఊరి కథను ఏ ఊరి నేలమీద తీశారో సినిమా చరిత్రలు విధిగా నమోదు చేస్తే, తెరమీది సీమకూ నేలమీది సీమకూ గల దూరాన్ని కొలవడం రాబోయే పరిశోధకులకు సాధ్యమవుతుంది.